ఒత్తులు లేని పుస్తకం

గుడివాడ స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక ఎరువుల కొట్టు పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. అక్కడ నేను పదకొండేళ్ళు ఫోనెత్తాను. ఉద్యోగం పేరు టెక్నికల్ సపోర్టు. చేసే పనల్లా, ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చుని కంగారుపడుతున్న మనిషికి, నాకు కనపడని తెర మీద ఏ మూల ఏం నొక్కాలో చెప్పటం.

మా సారు తయారుచేసింది ఒకే ఒక సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో తెలుగు టైపు చేసుకునేది. ఆయన ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. అక్షరాల పిచ్చితో ఆ ఉద్యోగం మానేసి, గుండ్రటి అక్షరాలన్నీ తనే గీసుకుని, కీబోర్డుకి తనే ముడిపెట్టుకున్నారు. శుభలేఖలు వేసే ప్రెస్సులవాళ్ళు, డీటీపీ సెంటర్లవాళ్ళు, పంతుళ్ళు, పంచాయతీ ఆఫీసులవాళ్ళు కొనేవారు. ఒకసారి కొంటే చాలు, ఆ తర్వాత ఎన్నేళ్ళకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా జవాబు చెప్పేవాళ్ళం. అది సారు పెట్టిన పద్ధతి.

నేను రోజూ బందరు నుంచి ప్యాసింజర్లో వచ్చేదాన్ని. రైలు దిగి, మెట్లెక్కి, తాళం తీసేలోపే లోపల ఫోన్ మోగుతుండేది. సగం ఫోన్లు మా సాఫ్ట్‌వేర్ గురించే కావు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుందని ఒకాయన. మౌసు కదలట్లేదని ఇంకొకాయన. తీరా అడిగితే దాని తీగ ఎలుక కొరికేసింది. శుభలేఖలో పెళ్ళికొడుకు తాతగారి పేరు ముందుండాలా, నాయనమ్మగారి పేరు ముందుండాలా అని ఒక ప్రెస్సు యజమాని ఇరవై నిమిషాలు నాతో చర్చ పెట్టాడు. మొదటి రెండు మూడేళ్ళూ నాకదంతా సరదాగానే ఉండేది.

లస్కరు గారితో పరిచయం ఆ సరదా రోజుల్లోనే.

"అమ్మా, మీ డబ్బా కొన్నానండీ. నేను లస్కర్ని. రిటైరయ్యాను," అన్నారు మొదటిసారి ఫోన్ చేసి. డబ్బా అంటే మా సీడీ ఉన్న అట్టపెట్టె. దివిసీమలో, నాగాయలంక వైపు ఏదో ఊరు.

"లస్కరంటే ఏం చేస్తారండీ?" అన్నాను.

"కాలవ మీద తిరిగేవోణ్ణమ్మా. తూము తలుపులెత్తటం, దించటం, గట్టుకి గండి పడకుండా చూసుకోటం. మీరు తినే అన్నంలో నేనెత్తిన నీళ్ళు ఎన్నో కొన్ని ఉంటయ్."

నవ్వొచ్చింది నాకు. అప్పటి నుంచి ఆయన నాకు బాబాయ్ గారు. కంప్యూటర్ ఆన్ చెయ్యటం దగ్గర్నుంచీ అన్నీ ఫోన్లోనే నేర్పాను. క ఎక్కడుందో, దానికి గుడి ఎలా పెట్టాలో, కింద ఒత్తు ఎలా ఇవ్వాలో. ఆయన రెండు వేళ్ళతో నొక్కుతుంటే ఆ టకటకలు నాకు ఫోన్లో వినపడేవి. ఒక్కో మాట పడగానే, "వచ్చిందమ్మోయ్!" అనేవారు.

ఆ వయసులో టైపు ఎందుకు నేర్చుకుంటున్నారని ఒకసారి అడిగాను.

"చెయ్యి ఒణుకుద్దమ్మా. కలం నిలవదు. రాస్తే కోడి కెలికినట్టుంటది, నాకే అర్థం కాదు. ఇదయితే నొక్కింది నొక్కినట్టు నిలబడుద్ది."

ఏం రాస్తున్నారో కూడా చెప్పారు. దివిసీమలో ప్రతి కాలవకీ, ప్రతి బోదెకీ ఒక పేరుందట. పొలాలకి నీళ్ళిచ్చే చిన్న కాలవని మా వైపు బోదె అంటాం. ఇప్పుడు వచ్చే ఉద్యోగస్తులకి నంబర్లే తెలుసు. ఆ పేర్లూ, అవి ఎందుకొచ్చాయో ఆ కథలూ తన తరంతో సరి అని ఆయన బెంగ. "అత్తబోదె, కోడలిబోదె అని రెండున్నయ్యమ్మా, పక్కపక్కనే. ఒకదాంట్లో నీళ్ళుంటే రెండోదాంట్లో ఉండవు. నా సర్వీసంతా ఆ రెంటికీ తగువు తీర్చటంతోనే సరిపోయింది," అన్నారు. ఆ మాట నేను ఇంట్లో చెప్తే మా అత్తగారు కూడా నవ్వారు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఫోన్లు పెరిగాయి. కొన్నవాళ్ళు వందల్లో ఉన్నారు, ఫోనెత్తేది నేనొక్కదాన్నే. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయేది. ఇంటికెళ్ళాక నా పిల్లతో మాట్లాడే ఓపిక ఉండేది కాదు. సారు చూస్తే, కొత్త అమ్మకాలు తగ్గి, నా జీతం ఒక నెల ఇరవయ్యో తారీఖున ఇచ్చారు. ఒక మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు నేనే కదిపాను.

"సార్, సపోర్టుకి డబ్బు పెడదామండీ. మొదటి ఏడాది ఊరికే చెప్దాం. ఆ తర్వాత ఏడాదికింతని కట్టినవాళ్ళకే చెప్దాం."

సారు ముద్ద కలుపుతూ ఆగిపోయారు. "మనం చేసిన వస్తువుకి మనం జవాబు చెప్పుకోటానికి డబ్బేంటమ్మా?"

"డాక్టరు గారు సలహాకి తీసుకోరా సార్? మెకానిక్ తీసుకోడా? నా గొంతుకి ఖరీదు లేదా?"

ఆ ఆఖరి మాట కాస్త గట్టిగానే అన్నాను. సారు క్యారేజీ మూసేసి లోపలికి వెళ్ళిపోయారు. రెండు రోజుల తర్వాత ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి నా బల్ల మీద పెట్టారు. మొదటి మూడూ నేను చెప్పినవే. నాలుగోది ఆయన చేర్చింది: తప్పు మనదైతే డబ్బు అడగకూడదు.

ఆ పద్ధతి పనిచేసింది. అది దాచాల్సిన సంగతి కాదు. అనవసరపు ఫోన్లు సగానికి సగం తగ్గాయి. నా జీతం ఒకటో తారీఖుకి వచ్చేది. కంపెనీ ఇంకో నాలుగైదేళ్ళు నిలబడిందంటే ఆ డబ్బు వల్లే.

నిలవనిది ఆ నాలుగో వాక్యం. డబ్బు కట్టమన్నాక ప్రతివాళ్ళూ, "తప్పు మీదే కదండీ, మేమెందుకు కట్టాలి?" అనటం మొదలుపెట్టారు. ఎలుక కొరికిన తీగ కూడా మా తప్పే. తప్పు ఎవరిదో తేల్చాలంటే పావుగంట మాట్లాడాలి. పావుగంట మాట్లాడితే ఇక డబ్బు అడగటానికేముంది? అందుకని నేను మెల్లగా ఒక అలవాటు చేసుకున్నాను. ముందు గడువు చూడటం. గడువు లేకపోతే, కట్టాక చూద్దామండీ అనటం. సారుకి చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆ రోజుల్లోనే కంప్యూటర్లలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. దాని మీద మా సాఫ్ట్‌వేర్ ఒక చోట తప్పేది. అక్షరం పడుతుంది, కింద ఒత్తు పడదు. తెర మీదే కాదు, ఫైల్లో కూడా చేరదు. సారు వారం రోజులు కూర్చుని దానికి ఉపాయం కనిపెట్టారు. మా సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మూడో వరసలో ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు తీసేస్తే చాలు. అరనిమిషం పని. ఆ సంగతి చీటీ మీద రాసి నా ఫోన్ పక్కనే అంటించారు.

లస్కరు గారి ఫోన్ వచ్చినప్పుడు ఆ చీటీ నా కళ్ళెదురుగానే ఉంది.

"అమ్మా, నేనండీ, లస్కర్ని. పాతది చెడిపోతే కొత్త కంప్యూటర్ కొన్నానమ్మా అవనిగడ్డలో. దీంట్లో ఒత్తులు పడట్లేదు. అమ్మ అని కొడితే అమ అని వస్తంది."

అప్పటికి ఆయన ఫోన్ చేసి ఏడాది పైనే అయింది. రిజిస్టర్ తీసి చూశాను. మిగతా పాతవాళ్ళందరికిలాగే ఆయనకిచ్చిన ఉచిత గడువు కూడా దాటి రెండు నెలలైంది.

"బాబాయ్ గారూ, మీ సపోర్టు గడువు అయిపోయిందండీ. రెన్యూ చేయించుకుంటే వెంటనే చెప్తాను."

"అంటే డబ్బు కట్టాలా అమ్మా?"

"అవునండీ. ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. లేకపోతే బ్యాంకులో వేసి చెప్పండి."

"కడతాలేమ్మా, దానికేముంది. బ్యాంకుకి వెళ్ళాలంటే అవనిగడ్డ దాకా పోవాలి, నా నడక కూడా సరిగ్గా లేదీమధ్య. ఈ ఒక్కటీ చెప్పెయ్యి. మా ఆవిడ వెళ్ళినప్పుడు కట్టించేస్తాను."

"అలా కుదరదండీ. సిస్టమ్ ఒప్పుకోదు."

సిస్టమ్ అంటూ ఏమీ లేదు. నా ముందున్నది మామూలు గీతల పుస్తకం, నా చేతిలో బాల్‌పెన్ను. ఆ మాట ఎక్కడో నాకు ఎవరో అన్నదే అయుంటుంది. బ్యాంకులోనో, రైల్వే కౌంటర్లోనో. నేను ఇంకొకళ్ళ మీద వాడాను.

ఆయన, "ఇది నా వల్ల వచ్చిందంటావా అమ్మా? నేను నొక్కటంలో తేడా ఉందా?" అని అడిగారు.

కాదు బాబాయ్ గారూ, తప్పు మాది అని చెప్పాలంటే ఎంతసేపు పడుతుంది? కానీ ఆ మాటన్నాక డబ్బు అడగలేను. ఆ పొద్దుటి నుంచీ అప్పటికే ఆరుగురితో గడువు గురించి వాదించి ఉన్నాను. ఒకాయన నన్ను నానా మాటలూ అన్నాడు. ఇవన్నీ కారణాలే గానీ, ఏ ఒక్కదాన్లోనూ లస్కరు గారి ప్రమేయం లేదు.

"కట్టాక చూద్దామండీ," అన్నాను.

"సరేలేమ్మా. పనిలో ఉన్నట్టున్నావు," అని పెట్టేశారు.

రిజిస్టర్లో రాశాను: గడువు లేదు, కట్టమన్నాను. ఆయన మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నాకూ గుర్తు రాలేదు. అది కూడా చెప్పుకోవాలి. ఒక్కసారైనా, ఆయన పుస్తకం ఎంతవరకూ వచ్చిందో అని అనుకోలేదు.

మూడేళ్ళకి ఫోన్లలోనే తెలుగు దానంతటదే రావటం మొదలై, మా సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు లేకుండాపోయారు. సారు ఆఫీసు మూసేద్దామనుకున్నారు. మూసే ముందు ఆయనకి ఒకటే దిగులు. "మన అక్షరాల్లో రాసుకున్న ఫైళ్ళు రేపు ఏ కంప్యూటర్లోనూ తెరుచుకోవమ్మా. అందరికీ ఫోన్ చేసి, వాటిని మామూలు తెలుగులోకి మార్చిపెడతామని చెప్దాం. గడువులూ గిడువులూ చూడొద్దు," అన్నారు. పాత రిజిస్టర్లన్నీ కిందకి దించాం. నేను ఒక్కో నంబరుకీ చేసుకుంటూ వచ్చాను. కొన్ని నంబర్లు పనిచెయ్యలేదు. కొంతమంది, ఎప్పుడో అమ్మేశామండీ అన్నారు. అలా వెళ్తూ వెళ్తూ లస్కరు గారి పేరు పక్కన నా చేతిరాతలోనే ఆ వాక్యం చూశాను.

చేస్తే ఆడమనిషి ఎత్తారు. లస్కరు గారి భార్య.

"ఆయన మాట్లాడలేరమ్మా. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. మాట పడిపోయింది."

ఫైళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే, "ఒత్తులు కూడా వస్తయ్యా అమ్మా?" అని అడిగారు.

ఆదివారం వస్తానన్నాను.

బందరులో అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి దాటాక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చేలు పండి వంగి ఉన్నాయి. అటు ఎన్నిసార్లు వెళ్ళానో, కాలవల్ని ఎప్పుడూ విడివిడిగా చూసిందాన్ని కాను. ఆ రోజు ప్రతి వంతెన దగ్గరా, దీని పేరేమై ఉంటుందా అనిపించింది. అవనిగడ్డలో దిగి ఆటోలో వాళ్ళ ఊరికి వెళ్ళాను.

కాలవగట్టు దిగగానే రేకుల ఇల్లు. వసారాలో నవారు మంచం మీద, వెనక దిండ్లు పెట్టి ఆయన్ని కూర్చోబెట్టి ఉన్నారు. పదేళ్ళ పరిచయం, మనిషిని చూడటం అదే మొదటిసారి. నేను అనుకున్నదానికన్నా చాలా సన్నగా ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది.

"నమస్కారం బాబాయ్ గారూ," అన్నాను.

గొంతు విని ఆయన చప్పున తలెత్తారు. ఎడమచెయ్యి లేపి చెవి దగ్గర పెట్టుకుని, ఫోన్ పట్టుకున్నట్టు చూపించారు. నవ్వారు. నోరు ఒక పక్కకే నవ్వింది.

పిన్నిగారు లోపల్నుంచి ఒక కాగితాల కట్ట తెచ్చి చాప మీద పెట్టారు. మూడొందల పేజీల పైనే ఉంటాయి. ఆయన పడిపోయాక ఆవిడ కంప్యూటర్‌ని ఆటోలో పెట్టుకుని అవనిగడ్డ తీసుకెళ్ళి, డీటీపీ సెంటర్లో అంతా ప్రింటు తీయించారట. మొదటి వంద పేజీలూ పాత కంప్యూటర్లోవి, అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. అక్కడ్నుంచి చివరిదాకా ఒక్క ఒత్తు లేదు. కరకట్ట కరకట అయింది. కృష్ణ కృష అయింది. వర్షం ఎక్కడ పడినా వరం పడింది. ఒత్తు ఉండాల్సిన ప్రతి అక్షరం కిందా పిన్నిగారు నీలం సిరాతో ఒత్తులు రాసుకుంటూ వచ్చారు.

"ఏడో తరగతి దాకా చదివానమ్మా. వంటయ్యాక రోజుకి రెండు పేజీలు. చదువుతుంటే తెలిసిపోద్ది గదా ఏ మాటో. తెలియనివాటికి సున్నా చుట్టాను."

"ఒత్తులు పడట్లేదని తెలిసీ బాబాయ్ గారు ఇన్ని పేజీలు కొట్టారా?"

"పడట్లేదని కాదమ్మా, తనే సరిగ్గా నొక్కట్లేదనుకున్నారు. చెయ్యి ఒణుకు ఎక్కువైంది, అందుకే పడట్లేదే అనేవారు. ఒక్కో ఒత్తుకి నాలుగేసి సార్లు కొట్టేవారు. కాసేపు చూసి, పోనీలే, ముందు మాటలు దిగనియ్యి, ఒత్తులు తర్వాత పెట్టుకోవచ్చు అని మళ్ళీ మొదలెట్టేవారు. మీ కంపెనీకి డబ్బు కడదావండీ, నేను అవనిగడ్డ వెళ్ళొస్తాను అంటే ఒప్పుకోలా. తప్పు నా చేతిదయితే వాళ్ళేం చేస్తారు, ఆ అమ్మాయిని ఎందుకు విసిగించటం అన్నారు."

నేను ఆ చాప మీద కూర్చుని, ఇక చెప్పక తప్పదని చెప్పాను. "పిన్నిగారూ, ఆ రోజు ఫోనెత్తింది నేనే. బాబాయ్ గారి చెయ్యి కాదండీ. తప్పు మా సాఫ్ట్‌వేర్‌ది. అప్పటికే మాకు తెలుసు. ఒక గడిలో టిక్కు తీసేస్తే సరిపోయేది. నేను చెప్పలేదు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. తిడతారనుకున్నాను. లేచి మంచం దగ్గరికి వెళ్ళి, ఆయన చెవి దగ్గర గట్టిగా, "వినపడిందా? మీ చెయ్యి కాదంట!" అన్నారు.

ఆయన తల దించుకుని ఒళ్ళో ఉన్న ఆ చేతి వంక చాలాసేపు చూసుకున్నారు. తర్వాత ఎడమచేత్తో దాన్ని మెల్లగా నిమిరారు.

"ఆ ఒక్క ముక్కా అప్పుడు చెప్పుంటే బాగుండేదమ్మా," అన్నారు పిన్నిగారు. లోపలికి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చిచ్చారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి సున్నాలు చుట్టిన మాటలు చూశాం. మామూలు మాటలకి ఏ చిక్కూ లేదు. తెలుగు వచ్చినవాళ్ళెవరైనా చెటు అంటే చెట్టు అని, గటు అంటే గట్టు అని చదువుకుంటారు. చిక్కల్లా పేర్లతో. ఎరబోదె అని ఒకచోట ఉంది. నీళ్ళు ఎర్రగా వచ్చే ఎర్రబోదెనా, చేపలకి ఎర తవ్వుకునే ఎరబోదెనా? ఇంకోచోట గుడిపాయ. అక్కడ గుడి ఉండేదా, లేకపోతే ముందుకి దారి లేక ఆగిపోయే గుడ్డిపాయా? కథ రాసి ఉంటుందేమోనని ఆ పేజీ అంతా వెతికాం. ఆయన రాసింది ఇంతే: ఈ పేరు ఎందుకొచ్చిందో చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

పిన్నిగారు కాగితం పట్టుకెళ్ళి అడిగారు. "ఇది గుడిపాయా?"

ఆయన తలూపారు.

"గుడ్డిపాయా?"

దానికీ అంతే ఇష్టంగా తలూపారు.

సోమవారం సారుకి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. "తప్పు మనదైతే అడగొద్దన్నాను కదమ్మా," అన్నారు, ఎంతో మెల్లగా. మళ్ళీ ఆయనే, "నాలుగు వాక్యాలు రాసి నీ బల్ల మీద పడేశాను. తప్పు ఎవరిదో తేల్చే బరువు నీకొదిలేసి నేను లోపల అక్షరాలు దిద్దుకుంటూ కూర్చున్నాను. నన్ను ఒక్కసారి అడగాల్సింది, నేనూ ఒక్కసారి వచ్చి నీ పక్కన కూర్చోవాల్సింది," అన్నారు.

సపోర్టుకి డబ్బు తీసుకోవటం తప్పా అని ఆ తర్వాత చాలా ఆలోచించాను. తప్పని ఇప్పటికీ అనుకోను. నా పదకొండేళ్ళ గొంతు ఊరికే వచ్చింది కాదు. శుభలేఖలో తాతగారి పేరు గురించి అడిగినాయన కట్టాల్సిందే. కానీ, ఇది నా వల్ల వచ్చిందా అని మనిషి అడిగినప్పుడు చెప్పే జవాబు మేము అమ్మే సరుకు కాదు. ఆ జవాబు ఆయన డబ్బా కొన్న రోజునే ఆయనది. దాన్ని నేను నా దగ్గర ఉంచేసుకున్నాను.

ఆఫీసు మూసేశాక ఆదివారాలు నేను దివిసీమ వెళ్తుండేదాన్ని. సారు ఫైళ్ళన్నీ మామూలు తెలుగులోకి మార్చి ఇచ్చారు. పిన్నిగారు చదువుతుంటే నేను ఒత్తులు టైపు చేశాను. చివరికి నలభైమూడు పేర్లు తేలకుండా మిగిలాయి. ఇప్పుడు పనిచేసే లస్కర్లని అడిగితే ఫోన్లో మ్యాపు తీసి నంబర్లు చూపించారు. గుడిపాయ ఎక్కడుందో చూద్దామని ఒకరోజు ఇద్దరం సముద్రం వైపు ఆటోలో వెళ్ళాం. అక్కడ గుడి లేదు. పాయా లేదు. వరసగా రొయ్యల చెరువులు, నీళ్ళలో తెల్లగా తిరుగుతున్న చక్రాలు. మేత చల్లుతున్న ఒకావిణ్ణి అడిగితే, "మాకు తెలిసినకాణ్ణించీ చెరువులేనండీ ఇయ్యి," అంది.

ఆ నలభైమూడు పేర్లనీ ఎలా వెయ్యాలని అడిగితే పిన్నిగారే తేల్చారు. "ఆయన కొట్టినట్టే ఉంచు. మనం ఊహించి పెట్టొద్దు."

బందరులో మాకు తెలిసిన పాత ప్రెస్సులో వంద కాపీలు వేయించాం. ఎండలు ముదరక ముందు మొదటి కాపీ తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. అప్పటికి కొంచెం తేరుకుని ఉన్నారు, అవునూ కాదూ తేడాగా తలూపగలుగుతున్నారని పిన్నిగారు సంతోషంగా చెప్పారు. ఆయన అట్టని నిమిరి, ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ వెళ్ళారు. ఒత్తులున్న చోట వేలుపెట్టి నా వంక చూసి తలూపారు. నాకు చాలా రోజుల తర్వాత కాస్త ఊపిరాడినట్టయింది.

మధ్యలో ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. అక్కడ పిల్లకాలవ అని ఉంది. ఆయన కొట్టింది పిలకాలవ. పెద్దకాలవ నుంచి చీలేదాన్ని మా వైపు అందరం పిల్లకాలవే అంటాం కాబట్టి, నేనూ పిన్నిగారూ సున్నా కూడా చుట్టకుండా దిద్దేశాం. ఆయన వేలితో ఆ మాట మీద గట్టిగా కొట్టి తల అడ్డంగా ఊపారు.

"పిల్లకాలవ కాదా బాబాయ్ గారూ?"

కాదు.

"పిలకాలవేనా? ఒత్తు లేదా?"

కాదు.

నాకు తోచినవన్నీ అడిగాను. పిన్నిగారు అడిగారు. ప్రతిదానికీ కాదనే. ఆయన నోరు తెరిచి ఏదో అనబోయారు, పి అన్నట్టు వినపడింది, తర్వాతది గాలే. ఇంకోసారి ప్రయత్నించారు. మేము నలభైమూడు పేర్ల జాబితా తీసి అదైనా అడుగుదామనుకున్నాం. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నారు.

"అలిసిపోయారు. ఇక చాలమ్మా," అన్నారు పిన్నిగారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక కాపీ తీసి చూస్తూ కూర్చున్నాను. రెండొందల పేజీల్లో ఒత్తులన్నీ మా ఇద్దరి చేతుల మీదుగా పడినవే. ఇంకా ఎన్నిచోట్ల, మాకు బాగా తెలుసనుకుని, వేరే మాట రాసేశామో.